వంకరపోయిన వేళ్ళకు నీళ్ళే కారణమా?

పడమటి ప్రకాశంలో ఏ ఆడమనిషి కీళ్ళు నొప్పులన్నా వినిపించే జవాబు ఒకటే: "నీళ్ళు మంచివి కావమ్మా, ఏం చేస్తాం." ఆ మాటలో నిజం లేకపోలేదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, ఆయన తోటి వైద్యులు 1937లోనే రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. మంచినీళ్ళ కోసం మనం చేసే పోరాటం న్యాయమైనది. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇంకో జబ్బును కప్పెడుతున్నారు. నా అభ్యంతరం దానికే.

ఫ్లోరైడ్ ముఖ్యంగా వెన్నునూ, మెడనూ, తుంటినీ, మోకాళ్ళనూ బిగదీస్తుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులూ ఒకేలా వాచి, పొద్దున లేచాక గంటసేపు పిడికిలి పడకపోతే, నెలలు గడిచేకొద్దీ వేళ్ళు చిటికెనవేలు వైపు ఒరిగిపోతుంటే అనుమానించాల్సింది కీళ్ళవాతాన్ని, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ళ లోపలి పొర మీద దాడిచేసే జబ్బు ఇది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

దీన్ని అదుపుచేసే మందుంది. మెథోట్రెక్సేట్ ఖరీదైనది కాదు, జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. రోజూ కాదు, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. డాక్టరు చూపులో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. గర్భిణులు వాడకూడదు. మొదటి నెలల్లోనే మొదలుపెడితే చాలామందికి వేళ్ళు వంకరపోకుండా ఆపవచ్చు. మనవాళ్ళకు దొరుకుతున్నదేమిటి? నొప్పి బిళ్ళలు, ఊళ్ళో డాక్టరు పొడిచే స్టెరాయిడ్ ఇంజక్షన్. నాలుగు రోజులు హాయి. అదే పనిగా పొడిపించుకుంటే ఎముకలు గుల్ల, షుగరు. లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఎందుకిలా? ఆడవాళ్ళ చేతులు చేసే పనికి లెక్క లేదు కనుక. మిరపకాయలు కోసేది, పత్తి తీసేది, పాలు పితికేది, బట్టలు పిండేది ఆ వేళ్ళే. మగవాడు పార పట్టలేకపోతే ఒంగోలు తీసుకుపోతారు. కోడలు చెంబు పట్టలేకపోతే "పనిదొంగ" అంటారు.

ఇంకో ప్రశ్న. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. రాతి ధూళిలోని సిలికా పీల్చేవాళ్ళకు కీళ్ళవాతం ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. అవి ఎక్కువగా మగ కార్మికుల మీద జరిగినవే. పలకల పనిలో ఉన్న ఆడవాళ్ళ ఊపిరితిత్తులతో పాటు చేతులు కూడా పరీక్షించాలని అడగడం తప్పా?

చట్టం సంగతి చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద చేతులు పనిచేయని మనిషి కూడా వికలాంగురాలే. 40 శాతం వైకల్యం తేలితే సర్టిఫికెట్టు. 2024 నుంచి మన రాష్ట్రంలో పింఛను నెలకు 6,000 రూపాయలు. అది హక్కు, వదులుకోకూడదు. కానీ వేళ్ళు వంగిపోయాక ఇచ్చే పింఛనుకున్న పద్దు, వంగకముందు ఇవ్వాల్సిన మాత్రకు ఎందుకుండదు?

ఇలా మాట్లాడితే ఫ్లోరైడ్ పోరాటం బలహీనపడుతుందని కొందరు మిత్రుల భయం. పడదు. మంచినీళ్ళు వచ్చినా కీళ్ళవాతం తగ్గదు. మాత్రలు వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ళు మంచివైపోవు. రెండూ అడగాల్సిందే.

మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒకరోజైనా కీళ్ళజబ్బుల డాక్టరు కూర్చోవాలి. పరీక్షలూ, మందూ ఉచితంగా, ఆగకుండా అందాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త "పొద్దున పిడికిలి పడుతోందా అక్కా?" అని అడగాలి. ఆరు వారాలుగా పడటం లేదని ఏ అక్క చెప్పినా "నీళ్ళ దోషం" అని ఇంటికి పంపే హక్కు ఎవరికీ లేదు.