కొండ చెరువుకు లెక్కలో చోటేది?

సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచి, 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ‘మత్స్యకారుల సేవలో’ పేరిట పంపిణీ మొదలుపెట్టారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వల ఒడ్డున పెట్టి కూర్చునేవాళ్లకు ఆ డబ్బు న్యాయమైనదే, ఇంకా పెంచినా కాదనేదేమీ లేదు. పేచీ మరొకచోట ఉంది. ఉత్తరాంధ్రలో చేపలంటే ప్రభుత్వానికి సముద్రం గుర్తుకొస్తుంది. గిరిజనుల పంటంటే అరకు కాఫీ గుర్తుకొస్తుంది. అటు తీరమూ లేక, ఇటు కాఫీ పేరూ లేక మిగిలిపోయింది గిరిజన మండలం సీతంపేట.

2022 ఏప్రిల్ 4 వరకు సీతంపేట శ్రీకాకుళం జిల్లాలోదే. ఆ రోజున పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కొత్త జిల్లాకు తీరరేఖ లేదు కాబట్టి అక్కడ మత్స్యశాఖకు పెద్ద పనేముంటుందన్న ధోరణి కనిపిస్తుంది. కానీ ఏజెన్సీ సంతలో గట్టిగా అమ్ముడయ్యే సరుకుల్లో ఎండు చేప ఒకటి. అది తీరం నుంచి ఎక్కివస్తుంది. అనాస, జీడిపిక్కలు, పసుపు, చింతపండు, కొండ చీపుర్లు కావిళ్ల మీదా నెత్తి మీదా దిగివస్తాయి. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ ధర చెప్పేది కింది నుంచి వచ్చినవాడే.

చేప కొండ మీద పెరగదా? అన్నిచోట్లా పెరగదు, వాలు ఎక్కువైతే నీరు నిలవదు. అయినా గెడ్డలకు అడ్డంగా కట్టిన చెక్‌డ్యాంలున్నాయి, ఉపాధి హామీలో తవ్విన కుంటలున్నాయి, పాత చెరువులున్నాయి. చాలావాటిలో నీరు తొలకరికి చేరి, శివరాత్రి నాటికి అడుగంటుతుంది. అంటే చేప ఎదగడానికి ఉన్న గడువు ఆరేడు నెలలు. టెండర్లు ముగిసి, లారీ కదిలి, ఏ అక్టోబరులోనో వేలెడంత పిల్లను వదిలితే నీరెండే నాటికి అది కూరకు చాలని చేపే అవుతుంది. ఆ మీదట ‘గిరిజనులకు చేపల పెంపకం మీద ఆసక్తి లేదు’ అని రాసుకోవడం తేలిక.

దీనికి మందు మన రాష్ట్రంలోనే ఉంది. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల రైతులు బొచ్చె, శీలావతి పిల్లల్ని ఏడాదిపాటు ఇరుకు చెరువులో, అరకొర మేతతో ఎదగనివ్వకుండా ఉంచుతారు. వాటిని విశాలమైన నీటిలోకి వదలగానే బాకీ తీర్చుకున్నట్టు బరువెక్కుతాయి. ఆరేడు నెలల చెరువుకు కావలసింది ఇలాంటి ఏడాది పిల్లే, అదీ జూలైలోగా. దాన్ని పల్లం నుంచి తెప్పించనక్కర్లేదు. ఏడాదంతా నీరుండే కుంటలు ఏవో గుర్తించి, అక్కడి మహిళా సంఘాలకే పిల్లల్ని సాకే పని అప్పగించి, పక్క ఊళ్ల చెరువులకు అమ్మించవచ్చు. చేపను అమ్మే వ్యాపారం కన్నా పిల్లను అమ్మే వ్యాపారంలో డబ్బు త్వరగా తిరుగుతుంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు ఇది పెద్ద ఖర్చూ కాదు. పెద్ద ఖర్చు కాని పనులు ఫైళ్లలో వెనకబడడం మనకు కొత్త కాదనుకోండి.

పథకాలకు లోటు ఉందా అంటే, లేదు. 2020 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన విలువ 20,050 కోట్లు, అందులో గిరిజనులకూ మహిళలకూ 60 శాతం సబ్సిడీ. 2024 అక్టోబరు 2న ప్రారంభించిన ధర్తీ ఆబా అభియాన్‌ కేటాయింపు 79,156 కోట్లు, అందులోనూ చేపల పెంపకానికి చోటుంది. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఇంకొకటి. కాగితం మీద ఇంతకన్నా ఉదారంగా ఉండలేం. అసలు చిక్కు ఆ మిగతా 40 శాతం దగ్గరుంది. 65 శాతం దగ్గరుంది. ఆ వాటా చేతి నుంచి పెట్టాలి, లేదా బ్యాంకు ఇవ్వాలి. కొండ సవర కుటుంబం చేతిలో ఉన్నది పోడు పట్టా. అటవీ హక్కుల చట్టం ప్రకారం అది వారసులకు దక్కుతుందే తప్ప మరొకరికి బదిలీ కాదు. గిరిజనుడి భూమి చేజారకుండా అలా రాయడం సబబే. కానీ తనఖాకు పనికిరాని పట్టాను చూసి బ్యాంకు ముఖం తిప్పుకుంటుంది. హామీ లేని ముద్ర రుణాలున్నాయి కదా అంటారు. కొండ దిగి నాలుగైదుసార్లు తిరిగే దారి ఖర్చులు, పోయిన కూలి రోజులు ఎవరు లెక్కగడుతున్నారు?

ఇక్కడే షావుకారు నెగ్గుతాడు. అతణ్ని దుర్మార్గుడని తిట్టి ఊరుకుంటే విశ్లేషణ పూర్తి కాదు. అర్ధరాత్రి జ్వరమొచ్చినా, పిల్ల పెళ్లి కుదిరినా కాగితం అడగకుండా డబ్బిచ్చేవాడు అతనొక్కడే. ఆ అప్పు కింద అనాస తోట కోతకు ముందే అమ్ముడైపోతుంది. ధాన్యం ‘నాము’కిచ్చి రెట్టింపు కొలుచుకున్న రోజుల నుంచీ ఉన్న పద్ధతికి ఇది కొత్త రూపం. ఆ అప్పులూ, వాటి కింద పోయిన భూములూ రగిల్చిన కోపమే 1967లో ఇదే ఏజెన్సీని గిరిజన పోరాటంగా కుదిపింది. ఆ తర్వాతే గిరిజన ప్రాంతాల్లో భూముల బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టమూ వచ్చింది, ఐటీడీఏలూ వచ్చాయి. భూమి మీద కట్టడి అయింది గానీ పంట మీద కాలేదు.

కాఫీ కథ ఎందుకు వేరయింది? 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వల్లే అనుకుంటే పొరపాటు. మొక్క నాటడం నుంచి ఐటీడీఏ వెన్నంటి ఉంది, 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ) సీజన్‌కు ముందే ధర ప్రకటించి కొనుగోలుకు నిలబడింది. దళారీ కూడా ఆ ధర చూసుకుని బేరమాడక తప్పలేదు. పేరు తర్వాత వచ్చింది. సీతంపేట అనాసకు ముందు పేరు, పెట్టె, ప్రచారం అంటున్నారు, వరస తిరగబడింది. పైగా కాఫీ గింజ నెలలు ఆగుతుంది, అనాస నాలుగు రోజులు ఆగదు. కొనేవాడు లేని రోజున రైతు పంటను తెగనమ్ముకోవాలి, లేదా పారబోసుకోవాలి.

గిరిజన సంఘాలు తమ ఉత్పత్తులను శుద్ధి చేసి అమ్మే వన్‌ధన్‌ కేంద్రాలకూ కొనే డబ్బు దగ్గరే ఇబ్బంది. 2018లో మొదలైన ఈ పథకంలో 300 మంది సభ్యులున్న కేంద్రానికి 15 లక్షల రూపాయల వరకు వస్తాయి. ప్రధానంగా శిక్షణకూ యంత్రాలకూ. పసుపు ఉడికించి మెరుగుపెట్టే సరంజామా సమకూరుతుంది సరే, సంతలో పసుపు కొనడానికి సంఘం దగ్గర రొక్కం ఉండాలి కదా. తిరుగుడు పెట్టుబడి లేని యంత్రం షెడ్డులో మూలన పడుతుంది.

కాబట్టి కొత్త పథకం అడగడం లేదు. అనాస కోతకు నెల ముందే జీసీసీ ధర ప్రకటించి, సంత రోజున అక్కడికక్కడే నగదు ఇవ్వాలి. సంఘాలకు సీజన్ అడ్వాన్సు షావుకారు కన్నా ముందు చేరాలి. కుంట పూడిక తీయడం, గట్టు వేయడంలో లబ్ధిదారు చేసే కాయకష్టాన్నే అతని వాటాగా కట్టుకోవాలి. ఏడాది పిల్ల జూలై దాటకూడదు.

చెరువు ఎవరిదన్న ప్రశ్న కూడా తేల్చాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను 1996 పెసా చట్టం పంచాయతీలకు అప్పగించింది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చేపల మీద సామూహిక హక్కును పేరుపెట్టి చెప్పింది. సీతంపేట ఐటీడీఏ పరిధిలో షెడ్యూల్డ్ జాబితాకెక్కని గిరిజన గ్రామాలెన్నో ఉన్నాయి. పెసా అక్కడ చెల్లదు, అటవీ హక్కుల చట్టం చెల్లుతుంది. వ్యక్తిగత పట్టాల పంపిణీకి సభలు పెట్టిన యంత్రాంగం, ఈ వానలకు ముందే ఊరూరా గ్రామసభ పెట్టించి చెరువుల మీద సామూహిక హక్కు దరఖాస్తులు తీసుకోవాలి. అటవీ హక్కుల చట్టం 2006 నాటిది.