దుమ్ము తూస్తే చాలదు, అందులోని విషాన్ని కొలవాలి

పత్తి సీజను వస్తే ఆదోని, గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల జిన్నింగు మిల్లులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. చేలో పని తగ్గిన కూలీలు, ముఖ్యంగా స్త్రీలు, పొరుగు రాష్ట్రాల వలస కూలీలు ఆ మిల్లుల్లో చేరతారు. సెలవు గడిచి మళ్లీ పనిలోకి దిగిన తొలిరోజునే ఛాతీ బిగదీస్తుంది, దగ్గు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం. మేస్త్రీకి చెబితే “బీడీలు మానెయ్” అంటాడు. బీడీ ముట్టని ఆడకూలీకి కూడా అదే ఎందుకొస్తోందో ఆయన చెప్పడు. బిస్సినోసిస్ అనే పత్తి దుమ్ము జబ్బు మొదలయ్యే తీరు యిదే. ఏళ్లు గడిస్తే వూపిరి శాశ్వతంగా తగ్గిపోతుంది.

పత్తితో పాటు యెండుటాకులు, కాయ చుట్టూ వుండే రెక్కల ముక్కలు మిల్లులోకి వస్తాయి. వాటి మీద బాక్టీరియా పెరుగుతుంది. మంచుకో వానకో తడిస్తే మరీ ఎక్కువ. ఈ బాక్టీరియాలో ఒక తరగతి పైపొరలో వుండే విషమే ఎండోటాక్సిన్. క్రిమి చచ్చినా విషం చావదు. నీళ్లు మరిగే వేడికీ లొంగదు. పరీక్షకు వాడే గాజు సామాను మీద దీన్ని పోగొట్టటానికి 250 డిగ్రీల వేడిలో అరగంట వుంచుతారు. యంత్రం తిరిగినప్పుడల్లా ఈ విషం సన్నటి దుమ్ముతో లేచి తిన్నగా వూపిరితిత్తుల్లోకి పోతుంది.

అమెరికాలో కార్మికుల ఆందోళన ఫలితంగా 1978లో పత్తి దుమ్ముకు పరిమితి పెట్టారు. నూలు తయారీ విభాగాల్లో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు. మిల్లు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1981లో ఓడిపోయారు. అయితే పత్తి ఏరటాన్నీ, జిన్నింగునూ ఆ పరిమితి నుంచి మినహాయించారు. అక్కడా పొలానికి దగ్గరగా వుండే కూలీకే అన్యాయం! పైగా అది దుమ్ము బరువును మాత్రమే తూచే పరిమితి. 1987లో అమెరికా పరిశోధకులు పత్తి దుమ్ము పీల్చిన వారి వూపిరిని కొలిచి చూశారు. వూపిరి తగ్గటానికి గాలిలోని ఎండోటాక్సిన్‌తో స్పష్టమైన సంబంధం కనిపించింది. దుమ్ము బరువుతో కనిపించలేదు. రెండు మిల్లుల్లో దుమ్ము ఒకే తూకం తూగినా, ఒకదాని గాలి యెక్కువ విషం కావచ్చునన్న మాట. 2010లో నెదర్లాండ్స్ ఆరోగ్య మండలి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 90 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటరాదని సిఫార్సు చేసింది.

కొలవటం బ్రహ్మవిద్యేమీ కాదు. కూలీ నడుముకు చిన్న పంపు కట్టి, మెడ దగ్గర వడపోత కాగితం వుంచిన డబ్బీ తగిలిస్తారు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 8 గంటలు గాలి లాగితే 960 లీటర్లు, అంటే దాదాపు ఒక ఘనపు మీటరు. ఆ కాగితం మీది దుమ్మును శుద్ధమైన నీటిలో కలిపి పరీక్షిస్తారు. గుర్రపు లాడం ఆకారంలో వుండే ఒక సముద్ర పీత నెత్తురు ఈ విషం తగిలితే గడ్డకడుతుంది. ఆ గుణమే పరీక్షకు ఆధారం.

మన హైదరాబాద్‌లో యింజక్షన్లు, టీకాలు తయారుచేసే కంపెనీలు తమ సరుకుకు ఈ ఎండోటాక్సిన్ పరీక్షే చేస్తాయి. ఫార్మకోపియా నియమం అది. మంచిదే. మరి సీసాలోని మందుకు జరిగే పరీక్ష, కూలీ పీల్చే గాలికి ఎందుకు జరగదు? విద్య లేక కాదు, అడిగే చట్టం లేక. బిస్సినోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుగానూ, పరిహారం యివ్వవలసిన వృత్తి వ్యాధిగానూ మన చట్టం గుర్తించింది. ఎండోటాక్సిన్‌కు మాత్రం మన దేశంలో పరిమితే లేదు. దీనికి తోడు, కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అన్న 1948 నాటి లెక్కను 2020 నాటి కోడ్ 20కి పెంచింది. చిన్న మిల్లు యజమాని తప్పించుకోవటానికి దారి మరింత వెడల్పయింది. మస్టరులో పేరు లేని సీజను కూలీ తన జబ్బు మిల్లులోనే వచ్చిందని రుజువు చేసేదెలా?

అందుకే సంఘాలు ఈ కోర్కెలు ముందుకు తేవాలి. కొలత మిల్లు నిండుగా నడిచే రోజుల్లో, పనిచేసే మనిషి వొంటి మీదే జరగాలి. మిషన్లు ఆపి, తలుపు దగ్గర కొలిచే లెక్క మనకొద్దు. సెలవు తర్వాత తొలిరోజు షిఫ్టుకు ముందూ తర్వాతా వూపిరి పరీక్ష చెయ్యాలి. ఫలితాలు తెలుగులో రాసి గేటు దగ్గర అంటించాలి. వలస కూలీలకు వారి భాషలో చెప్పాలి. కొలత పూర్తికాలేదన్న సాకుతో దుమ్ము లాగే యంత్రాల ఏర్పాటు వాయిదా వెయ్యరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు.

అంతవరకు మనం చేయగలిగింది వుంది. ఏ మిల్లులో, ఏ విభాగంలో, ఎవరికి, సెలవు తర్వాత ఎన్నో రోజున ఛాతీ పట్టిందో కార్యకర్తలు నోటుపుస్తకంలో తేదీ వేసి రాయాలి. పంపు రాకముందే ఆ పుస్తకం సాక్ష్యమవుతుంది. రేపు అధికారి వచ్చి “ఆధారమేది?” అంటే దాన్ని ముందు పెట్టవచ్చు.