మ్రొక్కెడి పాదములు, చూడని మడమలు

కాళ్ళు కడిగి కన్యాదానము చేయు జాతి మనది. వరుని పాదములను పళ్ళెములో నుంచి కడిగి, ఆ నీటిని తలపై జల్లుకొను మామగారిని చూచి మనము కన్నులు తుడుచుకొందుము. పెండ్లికూతురికి గోళ్ళు తీయించి పారాణి పెట్టుదుము. పేరంటమునకు వచ్చిన ముత్తైదువ పాదములకు పసుపు వ్రాయుదుము. అన్నమాచార్యులు శ్రీనివాసుని పాదమును కీర్తించినారు; మన పొరుగుననే మానవి పట్టణమున జగన్నాథదాసులవారు హరిపాదమును కన్నడమున కొనియాడినారు. ఇంతటి పాదభక్తి గల మన యిండ్లలో, ఆ పసుపు క్రింద మడమ ఎట్లున్నదో వంగి చూచినవారెందరు? పసుపు మంగళద్రవ్యమే, కాదనను. కాని నేడది మన యిండ్లలో నెత్తురు చిమ్ము పగుళ్ళపై కప్పిన తెరగా మారినది. ఇదియే నా ఫిర్యాదు.

అరకేరలోను, దేవదుర్గ తాలూకా గ్రామములలోను స్థిరపడిన మనవారికి ఈ విషయమును వర్ణించి చెప్పనక్కరలేదు. మనలో కొందరు హైదరాబాదు రాష్ట్రపు కాలమునుండి ఈ జిల్లావారే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు వారు కదలలేదు, సరిహద్దు కదలినది. మరికొందరు 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల వెంట క్యాంపులు వేసికొన్న రైతుల సంతతి. వచ్చిన త్రోవ ఏదైనను అందరి కాళ్ళక్రిందను ఉన్నది ఒకే నల్లరేగడి. వేసవిలో ఆ నేల ఎట్లు బీటలు వారునో మన ఆడవారి మడమలు నట్లే బీటలు వారును. జొన్న కొయ్యకాళ్ళు, పత్తి మోళ్ళు అరికాలిలో దిగును. నాట్లకాలము వచ్చునా, దినమెల్ల బురదనీటిలో నాని వేళ్ళసందులు తెల్లబడి చిట్లును. మనము మడమ యన్నదానిని మన పిల్లలు పాఠశాలనుండి వచ్చి "హిమ్మడి" యందురు. ఏ భాషలో పిలిచినను నొప్పి యొక్కటే.

మడమ పగులుట పనిచేయువారికి సహజమనియు, అది కష్టజీవి లక్షణమనియు మన పెద్దలు గర్వముతో చెప్పుదురు. ఇది పొరపాటు. అరికాలి చర్మము దేహములోని చర్మమంతటిలో దళసరి. అయినను దానిలో నూనె గ్రంథులు లేవు. చెమటగ్రంథులు మాత్రమే కలవు. అందుచేత ఎండకును, పొడిగాలికిని, చెప్పులేని నడకకును అది త్వరగా నెండి బిరుసెక్కును. బిరుసెక్కిన చర్మము దేహభారమునకు సాగలేక చీలును. చీలిక లోతైనచో నెత్తురు వచ్చును; పేడ, మన్ను, బురద ఆ త్రోవననే లోనికి చేరును. చీము, వాపు, జ్వరము దాని తరువాతి మెట్లు. దీనిలో గర్వింపదగినది ఏమున్నది? నాగలి కఱ్ఱు మొద్దుబారినచో వెంటనే కమ్మరికడకు కొనిపోవు రైతు, తన మడమ చీలినచో అది తన కష్టమునకు బిరుదని మురియునా?

కాళ్ళకు శుశ్రూష చేసికొనుట పట్టణపు సోకు అని మరికొందరి వాదము. ఈ యపవాదమునకు కారణము లేకపోలేదు. నేడు పట్టణములలో అలంకారశాలలు వెలసినవి. వాటిలో "పెడిక్యూర్" అను పేర కాళ్ళు నానబెట్టి, రుద్ది, రంగువేసి, ఒక కూలిమనిషి దినభత్యమును మించిన రుసుము పుచ్చుకొందురు. దానిని చూచి మనవారు పాదసంరక్షణ యనగా ధనికుల విలాసమని తీర్మానించిరి. ధర యెక్కువైనంత మాత్రమున పని మేలనుకొనుటయు పొరపాటే. 2000 సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఒక గోళ్ళ అలంకారశాలలో సుడినీటి తొట్లలో కాళ్ళుంచిన స్త్రీలలో నూరుమందికి పైగా మోకాళ్ళ క్రింద మానని కురుపులు లేచినవి. నీరు తిరుగు జల్లెడల వెనుక వెండ్రుకలు, చర్మపు పొట్టు చేరి, వాటిలో సూక్ష్మజీవులు పెరిగినట్లు వైద్యులు కనుగొనిరి. శుభ్రముగా తోమిన మన యింటి గంగాళము అట్టి తొట్టికంటె వేయి రెట్లు మేలు.

ఇంటిలో చేసికొనుటకు కావలసినవెవ్వి? గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు లేక సున్నిపిండి, ఒక గరుకు రాయి, మెత్తని పాతగుడ్డ, నూనె. నీటి వేడిమిని ముంజేతితో పరీక్షింపవలెను. పది నిమిషములకంటె నానబెట్టరాదు. ఎక్కువ నానిన చర్మము తరువాత మరింత ఎండును. నానిన మడమను రాతితో మెల్లగా రుద్దవలెను. ఒక్కనాడే నునుపు చేయవలెనను పట్టుదల కూడదు. వారమునకు ఒకటి రెండు మారులు చేసినచో నెల దినములలో ఫలితము కనబడును. తరువాత పాదమును తుడిచి, ముఖ్యముగా వేళ్ళసందులను పొడిగా నొత్తవలెను. మనవారు ఎక్కువగా విడిచిపెట్టునది ఈ పనినే. వేళ్ళసందుల దురదకును పొట్టుకును తడియే మూలము. చర్మమింకను చెమ్మగా నుండగనే మడమకు కొబ్బరినూనెయో, ఆముదమో, వ్యాసెలైనో పట్టించి, రాత్రి మేజోళ్ళు తొడిగికొని పరుండవలెను. నూనె కాళ్ళతో గచ్చుపై నడచి జారిపడినవారు గలరు, జాగ్రత్త. వేళ్ళసందులలో మాత్రము నూనె వలదు. గోళ్ళను అడ్డముగా తిన్నగా కత్తిరింపవలెను. మూలలను లోతుగా గుండ్రము చేసినచో గోరు మాంసములోనికి దిగి చీము పట్టును. ఆపై "గోరుచుట్టుపై రోకటిపోటు" అను సామెత అర్థము ఎవరును చెప్పకయే తెలియును. ఎవరి పనిముట్టు వారిదే కావలెను. ఇక పగిలిన మడమపై నిమ్మచెక్క రుద్దుమను ఇరుగుపొరుగు వైద్యమును దయచేసి మానుడు. అది మంటను పెంచును గాని పగులును మాన్పదు.

ఇంతవరకు ఆరోగ్యవంతుల మాట. మధుమేహము గలవారి సంగతి వేరు. నేను కలము పట్టుటకు అసలు కారణము నదియే. మా మేనత్త ఒకామె ఇంట పెండ్లి యనగా, అరికాలి ఆనెకాయను గడ్డపు బ్లేడుతో తానే తీసికొన్నది. నొప్పి తెలియలేదు గనుక పని చక్కగా జరిగినదనుకొన్నది. పారాణి పెట్టించుకొని మూడు దినములు తిరిగినది. నాలుగవనాడు వాసన వచ్చినది. చివరకు బొటనవ్రేలిని పోగొట్టుకొన్నది. ఆ మూడు దినములును ఆమె పాదములకు మ్రొక్కి దీవెన లందుకొన్నవారు పదుల సంఖ్యలో నుందురు. వారిలో నేనును ఒకడను. ఒక్కరమును ఆ పాదమును చూడలేదు.

నొప్పి తెలియకపోవుట అదృష్టము కాదు. పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠురోగులకు చికిత్స చేసెను. ఆ వ్యాధి మాంసమును దానంతట కుళ్ళబెట్టదనియు, స్పర్శ పోయిన కాలుసేతులకు తెలియకుండ తగులు గాయములే వ్రేళ్ళను హరించుననియు ఆయన నిరూపించెను. మెత్తని రబ్బరు చెప్పులతో ఎన్నో పాదములు నిలిచినవి. పిమ్మట అమెరికాలో ఆయన ఆ పాఠమునే మధుమేహుల పాదములకు అన్వయించెను. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే లెక్క ననుసరించి మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడియున్నారు. అట్టివారు కాళ్ళు నానబెట్టరాదు, బ్లేడు తాకరాదు, ఆనెకాయలకు అంగడిలో అమ్ము ఆమ్లపు పట్టీలు అంటింపరాదు, ఇంటిలోనైనను వట్టికాళ్ళతో తిరుగరాదు. చెప్పులను దులిపి, లోపల రాయి యున్నదేమో చేతితో తడవి తొడుగుకొనవలెను. ప్రతి రాత్రి అరికాలిని చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నేలపై నుంచి చూడవచ్చును, లేదా ఇంటివారు చూడవలెను. పుండు, ఎఱ్ఱదనము, వాపు కనబడిననాడే వైద్యునికడకు పోవలెను గాని పండుగ గడిచినపిదప కాదు.

ఇంటివారు చూడవలె నంటిని. ఎవరా యింటివారు? ఈ ప్రశ్న వచ్చినచో మన మగవారి చూపు కోడలి వంక తిరుగును. అల్లుని కాళ్ళు పదిమంది యెదుట కడుగుటకు సిగ్గుపడని మగవాడు, కన్నతల్లి మడమను తన యొడిలో పెట్టుకొని చూచుటకు సిగ్గుపడుట యేమి న్యాయము? దినమెల్ల పొలములో మనతో సమానముగా నడచిన భార్య కాలికి చమురు రాచినచో మగతనము తరుగునా? మన చేలలో నాట్లు వేయు కూలి స్త్రీల పాదములు గూడ మన బాధ్యతయే. గట్టుమీద ఒక బిందెడు మంచినీరు, తుడుచుకొనుటకు గుడ్డ, వ్యాసెలైను డబ్బా యుంచుటకు అగు వ్యయము స్వల్పమే. దానినిగూడ ఖర్చని లెక్కించు ఆసాములను నేనెరుగుదును. వారు పండుగనాడు పీఠాధిపతుల పాదపూజకు ఇచ్చు విరాళముల రసీదులనుగూడ ఎరుగుదును.

మా యింట ఆదివారము ఉదయము వాకిట ముక్కాలిపీట వేసి, మొదట మా అమ్మగారి అరికాళ్ళు వెలుతురులో చూతును. ఆమెకు చక్కెర వ్యాధి గలదు గనుక నానబెట్టను. తడిగుడ్డతో తుడిచి, మడమకు చమురు రాచి, వేళ్ళసందులు చూచి విడిచెదను. మొదటి రెండు వారములు ఆమె కాలు వెనుకకు లాగుకొన్నది. మూడవ వారము తానే పీట వేయించి కూర్చున్నది.