కొలత లేని పొదుపు

దుబారా చేయువానిని చూచి "డబ్బును నీళ్లవలె ఖర్చు పెట్టుచున్నాడు" అనుట మన వాడుక. నీటికి వెల లేదని తలచిన కాలమున పుట్టిన మాట యిది. నేడు నగరములలో నీటికి మీటరు కలదు, బిల్లు కలదు.

హైదరాబాదు నగరమునే చూడుడు. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నగరము పెరుగగా ఆ నీరు చాలలేదు. నేడు నాగార్జునసాగరము నుండి కృష్ణాజలమును, ఎల్లంపల్లి నుండి గోదావరీజలమును నూరు కిలోమీటర్లకు పైగా దూరమునుండి యంత్రములతో ఎత్తి తెచ్చుచున్నారు. 2021లో ప్రభుత్వము గృహములకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితముగా ఇచ్చు పథకమును ప్రారంభించినది. ఆ పరిమితి దాటిన నీటికి మాత్రము రుసుము విధించినది. కావున లెక్క తెలియని ఇల్లే నష్టపోవును.

బిల్లు తగ్గింపగోరువారు మొదట చూడవలసినది అంగడి కాదు, తమ యింటి కుళాయి. సెకనుకొక చుక్క రాలు కుళాయినుండి దినమునకు 86,400 చుక్కలు పోవును. ఇంచుమించు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అనగా దినమునకు నాలుగు లీటర్లకు పైగా, నెలకు సుమారు 130 లీటర్లు కాలువపాలు. చిన్న రబ్బరు వాషరు మార్చినచో తరచుగా ఈ నష్టము తీరును. ఫ్లష్ తొట్టి చప్పుడు లేకుండ కారుచున్నచో నష్టము ఇంకను హెచ్చు. తొట్టి నీటిలో కొంచెము రంగు కలిపి అరగంట వాడక చూడుడు. క్రిందికి రంగు దిగినచో అది కారుచున్నట్లే. రాత్రి మిద్దెపైని ట్యాంకు నీటిమట్టమును గుర్తించి, తెల్లవారగనే మరల చూడుడు. ఎవరును వాడకుండనే మట్టము తగ్గినచో ఎచ్చటనో దొంగదారి కలదు.

ఇక పరికరముల సంగతి. అవి యన్నియు మోసమని నా అభిప్రాయము కాదు. కుళాయి మూతికి బిగించు ఏరేటరు నీటిధారలో గాలి కలుపును. చేతులు కడుగుకొనునప్పుడు నీరు మిగులును. కాని 15 లీటర్ల బకెట్టు నింపుటకు 15 లీటర్లే కావలెను. కాలము మాత్రము ఎక్కువ పట్టును. బకెట్టుతోనే స్నానము చేయు, బట్టలుతుకు ఇంటికి "సగము బిల్లు మిగులును" అను మాట ఎట్లు చెల్లును? గొట్టమునకు అయస్కాంతము కట్టిన బిల్లు తగ్గునని కొందరందురు. అయస్కాంతము కారు కుళాయిని మూయునా? మన వాడుకను తగ్గించునా? ఈ రెండును చేయనిది బిల్లును ఎట్లు తగ్గించును?

"ఎంత మిగులును?" అని అడుగుట చాలదు. "ఏ పనిలో, ఎట్లు మిగులును?" అని అడుగవలెను. సూటిగా ఉత్తరము చెప్పలేని వస్తువును కొనరాదు. కొన్నచో, ముందు నెల, తరువాతి నెల మీటరు అంకెలను పోల్చి చూడవలెను. అమ్మువాని మాటకంటె మీటరు సాక్ష్యము బలమైనది.

విద్యార్థులారా! మీ యింటి మీటరును చదువుట నేర్చుకొనుడు. వారమునకొకసారి ఆ అంకెను పుస్తకములో వ్రాయుడు. తరగతిలో నేర్చిన గణితమునకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. మబ్బులోని నీటిని నమ్మి ముంతలోని నీటిని ఒలకబోసికొన్నవాని కథ మీరెరిగినదే. ప్రకటనను నమ్మి చేతిసొమ్ము పోగొట్టుకొని, కారు కుళాయిని మరచినవాడును అట్టివాడే.