పాట పక్కన నిలబడ్డ మనిషి

ఫిబ్రవరి 11 అనగానే మనకి ఘంటసాల గారు గుర్తొస్తారు. 1974లో ఆయన వెళ్ళిపోయిన రోజది. అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలున్న ప్రతి ఊళ్ళోనూ ఆ రోజుల్లో ఆయన పాటలు పాడుకుంటాం. చిత్రంగా అదే తేదీన, 1935లో, మన వర్జీనియాలోనే నార్ఫోక్‌లో ఒక పిల్లవాడు పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విన్సెంట్ యూజీన్ క్రాడక్. రాక్ అండ్ రోల్ లోకానికి జీన్ విన్సెంట్.

అతని పాటలకి నివాళిగా 1993లో ఒక ఆల్బమ్ వచ్చింది. పేరు 'క్రేజీ లెగ్స్'. చేసినాయన ఇంగ్లండుకి చెందిన గిటారిస్టు జెఫ్ బెక్. ఈసారి మన కాలమ్ దాని గురించే. అయితే ముందే చెప్పేస్తున్నా, ఆ ఆల్బమ్‌ని నేను మళ్ళీ మళ్ళీ వినడానికి కారణం విన్సెంట్ కాదు, బెక్ కూడా కాదు. మూడో మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి రావాలంటే ముందు కొంత కథ చెప్పుకోవాలి.

విన్సెంట్ పదిహేడేళ్ళకే నేవీలో చేరాడు. 1955 వేసవిలో మోటార్‌సైకిల్ ప్రమాదంలో ఎడమ కాలు నుజ్జయింది. కాలు తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ససేమిరా అన్నాడు. కాలు మిగిలింది, దానితోపాటు కుంటీ నొప్పీ కూడా జీవితాంతం మిగిలిపోయాయి. నేవీ ఉద్యోగం పోయింది. నార్ఫోక్‌లో డబ్ల్యూసీఎంఎస్ అనే రేడియో స్టేషన్‌లో పాటలు పాడడం మొదలుపెట్టాడు. అప్పటికి ఎల్విస్ ప్రెస్లీ దేశాన్ని ఊపేస్తున్నాడు. తమకీ ఒక ఎల్విస్ దొరికితే బాగుణ్ణని క్యాపిటల్ రికార్డుల కంపెనీ వెతుకుతోంది. రేడియో వాళ్ళు పంపిన టేపు విని ఈ కుర్రాణ్ణి రమ్మంది.

1956 మే 4న నాష్‌విల్‌లో ఓవెన్ బ్రాడ్లీ స్టూడియోలో రికార్డింగ్. విన్సెంట్ వెంట నార్ఫోక్ నుంచి నలుగురు వాద్యకారులు వెళ్ళారు. వాళ్ళ పేరు బ్లూ క్యాప్స్. ఊళ్ళో వాయించుకునే కుర్రాళ్ళు కదా, ఏం చేస్తారో ఏమోనని నిర్మాత కెన్ నెల్సన్ నాష్‌విల్‌లోని ఉద్దండులైన స్టూడియో వాద్యకారుల్ని ముందే పిలిపించి పక్కన కూర్చోబెట్టాడు. మన పెళ్ళిళ్ళలో వంటవాడి మీద నమ్మకం చాలక ఇంకో వంటవాణ్ణి కూడా మాట్లాడిపెట్టుకున్నట్టు!

వాయించడం మొదలైంది. నార్ఫోక్ గిటారిస్టు వాయించింది విన్నాక ఆ ఉద్దండులతో పని పడలేదు.

ఆ రోజు రికార్డయిన 'బీ-బాప్-ఎ-లూలా' అమెరికా పాటల పట్టికలో ఏడో స్థానం దాకా వెళ్ళింది. పిల్లలకి నచ్చే ముచ్చట ఒకటుంది ఇందులో. డ్రమ్స్ వాయించిన డికీ హారెల్‌కి అప్పటికి పదిహేనేళ్ళు. పాట మధ్యలో ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు. రికార్డులో ఉన్నది తన కొడుకేనని వాళ్ళమ్మకి తెలియాలని అలా అరిచాడట. ఆ కేక తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. ఇప్పటికీ వినొచ్చు.

ఇక ఆ గిటారిస్టు. పేరు క్లిఫ్ గాలప్. 1930లో పుట్టాడు, అంటే ఆ రోజుకి ఇంకా ఇరవయ్యారు నిండలేదు. పెళ్ళయి సంసారం ఉన్నవాడు. గ్రెచ్ కంపెనీ వారి డుయో జెట్ అనే గిటారు వాయించేవాడు. ఆయన చెయ్యి తమాషాగా ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అందరిలాగే బిళ్ళ పట్టుకునేవాడు. మధ్యవేలికీ ఉంగరపువేలికీ తొడుగులు. అది చాలదన్నట్టు చిటికెనవేలు గిటారుకి బిగించిన లోహపు పిడి మీద. ఆ పిడి నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం వణుకుతుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికించే మనకి ఆ వణుకు వింటే పరాయిగా అనిపించదు. ఒక్క చేత్తో ఇన్ని పనులు, అదీ పరుగెత్తే వేగంలో! 'రేస్ విత్ ద డెవిల్'లో ఆయన సోలో వింటే ఇద్దరు వాయిస్తున్నారేమోనని అనుమానం వస్తుంది.

పాట హిట్టయింది. ఇక ఊరూరా తిరగాలి. అక్కడ గాలప్ ఆగిపోయాడు. ఇల్లు వదిలి నెలల తరబడి బస్సుల్లో తిరగడం తనవల్ల కాదని, ఆ ఏడాది తిరక్కుండానే బృందం నుంచి తప్పుకున్నాడు. అక్టోబరులో రికార్డింగ్ కోసం మాత్రం మళ్ళీ వచ్చి వాయించి వెళ్ళిపోయాడు. మొత్తం కలిపితే 35 పాటలు. అన్నీ 1956 ఒక్క ఏడాదిలోనే, మే నుంచి అక్టోబరు లోపల.

తర్వాత ఏం చేశాడంటారా? నార్ఫోక్ పక్కనే ఉన్న చెసపీక్‌లో స్కూళ్ళ శాఖలో చేరాడు. స్కూలు భవనాల నిర్వహణ, బస్సుల రవాణా చూసే విభాగానికి డైరెక్టర్ అయ్యాడు. సుమారు ముప్ఫయ్యేళ్ళు అదే కొలువు. గిటారు అటకెక్కించలేదు, ఊళ్ళో వాయిస్తూనే ఉన్నాడు. 1988 అక్టోబరులో పోయాడు.

విన్సెంట్ దారి వేరు. ఇంగ్లండులో జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1960 ఏప్రిల్‌లో అక్కడే జరిగిన కారు ప్రమాదంలో పక్కనున్న స్నేహితుడు, గాయకుడు ఎడ్డీ కాక్రన్ చనిపోయాడు. విన్సెంట్ గాయాలతో బయటపడ్డాడు. తర్వాత తాగుడు, నొప్పి, అప్పులు. 1971లో ముప్ఫయ్యారేళ్ళకే పోయాడు. ఎవరు తెలివైనవారు, ఎవరు కారు అని లెక్క కట్టడానికి ఇది చెప్పడం లేదు. విన్సెంట్ అలా తిరగకపోతే ఆ పాటలు లివర్‌పూల్ దాకా వెళ్ళేవే కాదు. జాన్ లెనన్ 1975లో తనకి ఇష్టమైన పాత పాటలతో చేసిన 'రాక్ అండ్ రోల్' ఆల్బమ్‌లో మొదటి పాట 'బీ-బాప్-ఎ-లూలా'యే.

జెఫ్ బెక్ 1944లో పుట్టాడు. ఈ రికార్డులు వచ్చేనాటికి పన్నెండేళ్ళవాడు. 1993 నాటికి ప్రపంచంలో ఎన్నదగ్గ గిటారిస్టుల్లో ఒకడు. ఎవరినీ అనుకరించడని పేరు. బిళ్ళ కూడా పక్కన పడేసి వట్టి వేళ్ళతో వాయించే మనిషి. అలాంటివాడు తన మామూలు గిటారు పక్కన పెట్టి గాలప్ వాయించిన రకం డుయో జెట్ పట్టుకుని, బిగ్ టౌన్ ప్లేబాయ్స్ అనే ఇంగ్లీషు బృందాన్ని వెంటేసుకుని, 18 పాటలు వాయించాడు. ఆల్బమ్ మొదలవడమే 'రేస్ విత్ ద డెవిల్'తో. అందరికీ తెలిసిన 'బీ-బాప్-ఎ-లూలా' మాత్రం అందులో లేనే లేదు! అమ్మకాల కోసం చేసే పనైతే ముందు పెట్టేది అదే కదా.

పాడింది మైక్ సాంచెజ్. బాగానే పాడాడు. విన్సెంట్ గొంతులో ఊపిరి ఆగి ఆగి వచ్చే ఆ గుబులు మాత్రం లేదు, దాచుకోవడమెందుకు. కానీ గిటారు మొదలైనప్పుడల్లా ఆ లోటు మరిచిపోతాం. బెక్ సొంత తెలివి చూపించడు. గాలప్ ఎక్కడ ఆగాడో అక్కడ ఆగుతాడు, ఎక్కడ జారాడో అక్కడ జారతాడు. మక్కీకి మక్కీ అని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. గాలప్ వేసిన ప్రతి అడుగులో అడుగు వేస్తూ పోతేనే ఆ నడక ఎంత కష్టమైనదో మనకి వినబడింది. బెక్ తన ధోరణిలో మార్చి వాయించి ఉంటే మనం బెక్‌నే వినేవాళ్ళం.

మన పిల్లలు స్టేజీ మీద పాత పాట పాడుతుంటే "అచ్చం రికార్డులాగే పాడింది, సొంతం ఏముంది?" అని వెనక వరసలో గుసగుసలు వినిపిస్తుంటాయి. అచ్చం అలాగే పాడడానికి ఆ పిల్ల ఆ పాటని ఎన్నిసార్లు విని ఉండాలో ఆలోచించండి.

ఇంకో సంగతి. మన కచేరీల్లో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని పేరుపేరునా చెప్పే మంచి అలవాటు ఉంది. సినిమా పాటకి వచ్చేసరికి అది ఏమవుతుందో! 'పాతాళభైరవి' పాటలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. రాసింది పింగళి, సంగీతం ఘంటసాల అని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ పాటల్లో వయొలిన్లు వాయించినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పమంటే? ఇప్పుడు మన వేడుకల్లో వాద్యాలన్నీ కరోకే ట్రాక్‌లో పెట్టెలోంచి వచ్చేస్తున్నాయి, ఆ ప్రశ్న అడిగే అవసరమే లేకుండా పోయింది.

'క్రేజీ లెగ్స్' వచ్చేసరికి గాలప్ పోయి అయిదేళ్ళు. తన వేళ్ళ కదలికని సముద్రానికి అవతల ఒకడు ముప్ఫయ్యేడేళ్ళు మనసులో పెట్టుకుని ఇలా తిరిగి అప్పజెప్పాడని ఆయన వినలేదు. బ్లూ క్యాప్స్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నది 2012లో. విన్సెంట్‌కి ఆ గౌరవం 1998లోనే దక్కింది. పద్నాలుగేళ్ళ తేడా. బెక్ కూడా 2023 జనవరిలో వెళ్ళిపోయాడు.

వినాలనుకునేవారికి నా సలహా. ముందు 1956 నాటి 'రేస్ విత్ ద డెవిల్' వినండి, వెంటనే బెక్ వాయించినది. మళ్ళీ పాతదానికి వెళ్ళి ఈసారి గొంతుని వదిలేసి గిటారు ఒక్కదాన్నే పట్టుకోండి. ఆ తర్వాత 'బ్లూస్ స్టే అవే ఫ్రమ్ మీ' అనే నెమ్మది పాట. ఇంట్లో గిటారు నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి, మీకు వినబడనివి వాళ్ళకి వినబడతాయి.

షాంటిలీ నుంచి నార్ఫోక్ సుమారు 200 మైళ్ళు. వర్జీనియా బీచ్‌కి పులిహోర డబ్బాలు కట్టుకుని బయల్దేరినప్పుడు మనమంతా 95 మీద రిచ్‌మండ్ దాకా, అక్కణ్ణుంచి 64 మీద ఆ ఊరి మీదుగా పోయేవాళ్ళమే. హాంప్టన్ రోడ్స్ టన్నెల్ ముందు కార్లు ఎలాగూ ఆగుతాయి, 18 పాటల్లో సగం అక్కడే అయిపోతాయి. టన్నెల్ దాటాక పసుపుపచ్చ స్కూలు బస్సేదైనా కనిపించి, దాని మీద చెసపీక్ అని రాసి ఉంటే, ఆ బస్సుల్ని ఒకప్పుడు నడిపించిన ఆఫీసులో కూర్చున్నాయనదే ఇప్పుడు మోగుతున్న ఈ గిటారు వరస అని పిల్లలకి చెప్పండి.