యంత్రం అమ్మలేదు... పేజీలు అమ్మింది!

‘జిరాక్స్’ అన్నది ఒక కంపెనీ పేరని మనలో చాలామందికి గుర్తే ఉండదు. మిషన్ ఏ కంపెనీదైనా సరే, దాంట్లోంచి వచ్చే నకలుకి మనం పెట్టుకున్న పేరు అదే. ఇంతగా ఇంటింటి మాటైపోయిన ఆ కంపెనీని నిలబెట్టింది గొప్ప యంత్రం ఒక్కటే కాదు... దానికి డబ్బు ఎలా వసూలు చేయాలన్న ఆలోచన కూడా!

న్యూయార్క్‌లో ఓ సంస్థ పేటెంట్ విభాగంలో పనిచేసే ఛెస్టర్ కార్ల్‌సన్‌కి పత్రాలకు నకళ్లు తీయించడం రోజూ ఓ తలనొప్పి. తడి రసాయనాలేవీ లేకుండా స్థిర విద్యుత్తు, పొడి సాయంతో 1938 అక్టోబరు 22న అతను తొలి నకలు తీశాడు. ఐబీఎం, జనరల్ ఎలక్ట్రిక్ లాంటి పెద్ద కంపెనీల గడప తొక్కినా ఎవరూ ఆసక్తి చూపలేదు. చివరికి ఫొటో కాగితం తయారుచేసే హెలాయిడ్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. ఏళ్ల తరబడి కష్టపడి 1959లో ‘914’ అనే మిషన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవున్న కాగితాన్ని కాపీ తీస్తుంది కాబట్టి ఆ పేరు.

అద్దెకిస్తే పోలా!

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మిషన్ తయారీకే దాదాపు 2 వేల డాలర్లు ఖర్చవుతోంది. అప్పటికే మార్కెట్లో ఉన్న నాసిరకం మిషన్లేమో 300 డాలర్లకే దొరుకుతున్నాయి. పైగా చాలా ఆఫీసుల్లో రోజుకి పదిహేను, ఇరవై కాపీలకి మించి తీయడం లేదు. ‘ఇంత ఖరీదు పెట్టి ఎవరు కొంటారు?’ అని సలహా సంస్థలు పెదవి విరిచాయి.

హెలాయిడ్ అధినేత జో విల్సన్ లెక్కనే మార్చేశాడు. మిషన్‌ని కొననక్కర్లేదు, నెలకి 95 డాలర్ల అద్దె చాలన్నాడు. నెలకి మొదటి 2 వేల కాపీలకి అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆపైన మాత్రం కాపీకి 4 సెంట్లు. రిపేర్లు కంపెనీవే. నచ్చకపోతే 15 రోజుల ముందు చెప్పి వెనక్కి ఇచ్చేయొచ్చు. అంటే నష్టభయం అంతా కంపెనీ నెత్తినే! ఎవరూ వాడకపోతే మునిగిపోవాల్సిందే. కానీ మంచి కాపీ తేలిగ్గా వస్తుందని తెలిశాక జనం ఆగలేదు. నెలకి సరిపోతాయనుకున్న 2 వేల కాపీలు సగటున ఒక్కరోజులోనే అయిపోయాయి. 1961లో జిరాక్స్‌గా పేరు మార్చుకున్న ఆ కంపెనీ ఆదాయం, దాదాపు 3 కోట్ల డాలర్ల నుంచి 1972 నాటికి 250 కోట్ల డాలర్లకు చేరింది.

గెలిపించిందే గంతలు కట్టింది

ఎన్ని ఎక్కువ కాపీలు తీస్తే అంత లాభం. దాంతో జిరాక్స్ దృష్టంతా పెద్ద ఆఫీసులూ పెద్ద మిషన్ల మీదే నిలిచింది. రోజుకి నాలుగు కాగితాలు తీసుకునే చిన్న ఆఫీసు లెక్కలోకి రాలేదు. ఆ ఖాళీని జపాన్ కంపెనీ కేనన్ పట్టుకుంది. టోనరునీ డ్రమ్మునీ ఒకే కార్ట్రిడ్జ్‌లో అమర్చి, 1982లో చిన్న మిషన్ తెచ్చింది. కార్ట్రిడ్జ్ అయిపోతే వాడేవాళ్లే మార్చుకోవచ్చు. ప్రతిదానికీ మెకానిక్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇంకో విచిత్రం... మౌసుతో నడిచే కంప్యూటర్‌ని 1973లోనే తయారుచేసుకున్నది జిరాక్స్ పరిశోధన కేంద్రమే. కానీ దాన్ని ఇంటింటికీ చేర్చిన పేరు వేరే కంపెనీలకు దక్కింది. అక్కడే పుట్టిన లేజర్ ప్రింటర్ మాత్రం జిరాక్స్‌కి కాసులు కురిపించింది. ఎందుకంటే అదీ పేజీల లెక్కే... కంపెనీకి అలవాటైన లెక్క!

మన ఊళ్లో జిరాక్స్ షాపు నడిపేదీ విల్సన్ సూత్రం మీదే. మిషన్ పెట్టుబడి షాపతనిది, మనం కట్టేది పేజీకి. అయితే పనులు ఫోన్‌లోకి మారుతూ కాగితాలు తగ్గుతుంటే చాలామంది షాపువాళ్లు మిషన్‌నే నమ్ముకుని కూర్చోలేదు. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, హాల్‌టికెట్లు తీసివ్వడం, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు... వచ్చినవాళ్ల అవసరాన్ని బట్టి ఒక్కొక్కటీ చేర్చుకుంటూ వచ్చారు. బోర్డు మీద పేరు మాత్రం జిరాక్సే!