సముద్రగుహలును ఛాయాచిత్రములును



గుహ లనగానే మనకు స్ఫురించునవి బొర్రా గుహలు, బెలుం గుహలు. అవి భూమిలోనికి ఇంకిన నీరు సున్నపురాతిని కరగించుటచే నేర్పడినవి. ఈ మాసము మేము ముచ్చటింప దలచినవి వేరొక జాతివి. కెరటముల తాకుడునకు పుట్టిన సముద్రగుహలు. వానిలోనికి పడవమీద పోయి ఛాయాచిత్రములు తీయుట ఇప్పుడొక వేడుక యైనది. సముద్రము కంటికానని నస్పూరులో దీని ప్రసక్తి యేల యని కొందరు శంకింపవచ్చును. దూరదేశములందున్న మన పిల్లలు ఇట్టి చోట్లకు పోయి చిత్రములు పంపుచున్నారు. మనము ముచ్చటపడి పొరుగువారికి చూపుచున్నాము. ఆ చిత్రము వెనుక నున్న శ్రమయు, అపాయమును ఎరుగుట తల్లులకు అవసరము.

కొండ నిట్టనిలువుగా సముద్రములోనికి దిగినచోట రాతిలో బీటలుండును. కెరటము వచ్చి తాకినప్పుడు ఆ బీటలోని గాలి నొక్కుకొనిపోయి రాతిని లోపలినుండి చీల్చును. అల తెచ్చిన గులకరాళ్లు రోటిలో పొత్రమువలె ఆ చోటును అరగదీయును. వేలయేండ్లకు బీట గుహ యగును. గుహ యవతలి ప్రక్కకు తొలుచుకొని పోయినచో శిలాతోరణము మిగులును. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు దారిలో మంగమారిపేట యొద్ద సముద్రపుటొడ్డున నట్టి తోరణ మొకటి కలదు.

లోకప్రసిద్ధములైన సముద్రగుహలలో స్కాట్లండునకు చేరిన స్టాఫా దీవి గుహ యొకటి. ఆ దీవిలో జనులు నివసింపరు. కరగిన లావా చల్లారి పగిలి, ఆరుపలకల స్తంభములై అచ్చట నిలిచినది. చూచువారికి శిల్పులు చెక్కిన మంటప మనిపించును. 1772లో జోసెఫ్ బాంక్సు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు దానిని గూర్చి లోకమునకు తెలిపెను. ఇటలీలోని కాప్రి దీవియందు నీలగుహ కలదు. దాని ద్వారము నీటిపైన ఇంచుమించు ఒక్క మీటరు ఎత్తు మాత్రమే. చిన్న పడవలో అందరును వెల్లకిల పరుండవలయును. పడవవాడు రాతికి బిగించిన గొలుసును పట్టి లాగి, అల తగ్గిన క్షణమున పడవను లోనికి జారవిడుచును. నీటిక్రింద నున్న మరియొక ద్వారముగుండ సూర్యకాంతి లోనికి వచ్చును. నీరు ఎరుపును మ్రింగి నీలమును మిగుల్చుటచే గుహయంతయు నీలముగ వెలుగును. కాలిఫోర్నియా తీరమున శాంతాక్రూజు దీవిలోని చిత్రితగుహ ఇంచుమించు 370 మీటర్లు పొడవైనది. దాని కడపటి చీకటిగదిలో సముద్రసింహములు విశ్రమించును.

ఇక చీకటిలో చిత్రము తీయు సంగతి. 1861లో పారిసు నగరమున నాదారు అను ఛాయాచిత్రకారుడు భూగర్భమందలి ఎముకల నెలవులను విద్యుద్దీపముల వెలుగున చిత్రించెను. ఒక్కొక్క చిత్రమునకు పదునెనిమిది నిమిషములవరకు పట్టినదట. అంతసేపు మనుష్యుడు కదలక నిలువజాలడు గావున పనివారికి మారుగా బొమ్మలను నిలిపెను. తరువాత మెగ్నీషియము తీగను మండించు పద్ధతి వచ్చినది. 1866లో అమెరికాలోని మామతుగుహను వాల్డాకు అనునతడు ఆ వెలుగుననే చిత్రించెను.

ఆ గుహలలో కాళ్లక్రింద నేల కలదు. సముద్రగుహలో నేల లేదు. ముక్కాలిపీటను నిలిపినను అది పడవతోడనే ఊగును. కెమేరా కన్ను ఎక్కువసేపు తెరచినచో చిత్రము చెదరును. తక్కువసేపు తెరచినచో చీకటియే మిగులును. ఫ్లాషు వెలిగింతమన్న గాలిలోని తుంపరలు మెరసి, చిత్రమంతయు తెల్లని చుక్కలతో నిండును. అందువలన నేర్పరులు గుహద్వారపు వెలుతురునే నమ్ముదురు. లోపలికి పోయి ద్వారమువైపు తిరిగి, కంటికి చీకటి అలవడువరకు కూర్చుండి, అల యెత్తుకొని దింపుటకు ముందు పడవ లిప్తపాటు నిలిచినట్లుండు సమయమున మీట నొక్కుదురు. నూరు తీసిన నొకటి కుదురును. పడవయంత్రము పొగ గుహలో నిలిచి ఊపిరికి కీడు చేయును గావున తెడ్లతో నడుచు పడవయే మేలు.

అన్నిటికంటె పెద్ద విషయము సముద్రపు బుద్ధి నెరుగుట. గాలి లేని దినమునను, ఎక్కడనో దూరముననున్న తుఫానునుండి పుట్టిన పెద్ద కెరటములు గుంపులుగా వచ్చును. నడుమ కొంతసేపు నీరు నిమ్మళించి, గుహ మనలను పిలుచునట్లుండును. ఆ వెనుక వచ్చిన అల ఇరుకుదారిలో నీటిని పైకెత్తి పడవను కప్పునకు కొట్టగలదు. కనుక అనుభవజ్ఞులు వెలుపల చాలసేపు నిలిచి అలలను చూతురు. పోటు ఎప్పుడు వచ్చునో ముందే తెలిసికొందురు. పడవముక్కును సముద్రమువైపే యుంచి వెనుకకు నడుపుకొని పోవుదురు. తలకు టోపీ, ఒంటికి తేలుచొక్కా ధరింతురు. ఒకరిని వెలుపల కావలి యుంచుదురు. సముద్రము పొంగినప్పుడు కాప్రి గుహను మూసివేయుదురు. ఎంత దూరమునుండి వచ్చినవారైనను వెనుకకు మరలవలసినదే.

ఈ క్రమము బొగ్గుగనుల చెంత కాపురముండు మనకు క్రొత్త కాదు. మనవారు తలకు టోపీ, దానికి దీపము లేక గనిలోనికి దిగరు. సర్దారు ముందుగా పోయి విషవాయువును పరీక్షించును. గనిలోని మీథేనువాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలిన పేలును. అందుచేతనే 1815లో డేవీ పండితుడు దీపమునకు లోహపుజల్లెడ తొడిగెను. అందుచేతనే సాధారణమైన కెమేరాను, ఫ్లాషును అట్టి గనులలోనికి పోనీయరు. ఎందరు దిగిరో అందరును పైకి వచ్చిరా యని లెక్క చూతురు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలకు భూగర్భమందు పనిని నిషేధించినది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణాది ఉద్యోగములకు నియమములతో అనుమతి కలిగినది. మనలో పెక్కుమందిమి మనవారు పనిచేయు చీకటిని చిత్రములలో తప్ప చూచి యెరుగము. చిత్రము విలువ మన కెవరును బోధింప నక్కరలేదు. అయినను చిత్రముకొరకు నియమమును సడలింపుమని మనలో నెవరైన నందురా? గనికి ఒప్పిన న్యాయము వేడుకకు మాత్ర మేల ఒప్పదు?

నీటి విహారమున ఏమరుపాటు ఎట్టిదో మన మంచిర్యాల చెంతనుండి పారు గోదావరియే చూపినది. 2019 సెప్టెంబరు 15వ తేదీన వరదనీటిలో పాపికొండలకు పోవు పడవ కచ్చులూరు వద్ద మునిగి పలువురు అసువులు బాసిరి. వారును మనవలెనే ముచ్చటపడి బయలుదేరినవారే.

కావున సోదరీమణులారా, పిల్లలను అడ్డగింపుమని మేము చెప్పుట లేదు. లోకము చూడదగినదే, చీకటిలోని అందమును ఇంటికి తెచ్చు విద్య గొప్పదే. అయితే చిత్రము రాగానే "ఎంత బాగున్నది!" అని మాత్రము మెచ్చి ఊరకుండవలదు. "అలలను ఎంతసేపు చూచితిరి? తేలుచొక్కాలు తొడిగితిరా? వెలుపల ఎవరుండిరి?" అని యడుగవలయును. "సముద్రము బాగుండలేదమ్మా, గుహ చూడకయే మరలితిమి" అని వ్రాసినవానిని మరింత మెచ్చవలయును. మన మెచ్చుకోలు దేనికి దక్కునో పిల్లలు దానినే మరల చేయుదురు.